మనోడు ఇండియాకి ఆడతాడా? స్కోర్‌కార్డు చెప్పేది సగమే

2024 నవంబరు గుర్తుందా? 13వ తేదీన సెంచూరియన్‌లో సౌతాఫ్రికా మీద 56 బంతుల్లో 107 నాటౌట్. రెండ్రోజులకి జొహానెస్‌బర్గ్‌లో 47 బంతుల్లో 120 నాటౌట్. ఇంకో వారం గడిచాక, 23న, రాజ్‌కోట్‌లో హైదరాబాద్ టీమ్ తరఫున మేఘాలయ మీద 67 బంతుల్లో 151. వరసగా మూడు టీ20 ఇన్నింగ్స్, మూడు సెంచరీలు. అంతకుముందు ప్రపంచంలో ఎవరూ చేయని పని అది. చేసింది మన తిలక్ వర్మ.

ఇప్పుడో చిన్న ప్రశ్న. ఈ మూడు సెంచరీలూ ఒకటేనా?

స్కోరు చూస్తే 151 పెద్దది. కానీ ఆ మ్యాచ్‌లో 249 కొట్టాల్సిన మేఘాలయ 69కే ఆలౌట్ అయింది. జొహానెస్‌బర్గ్‌లో అవతల బంతి పట్టుకున్నది యాన్సెన్, కోట్జీ, మహరాజ్. రేపు వరల్డ్ కప్‌లో తిలక్ ఎలా ఆడతాడో అంచనా వేయాలంటే మీరు ఏ ఇన్నింగ్స్ చూస్తారు? మనందరి జవాబూ ఒకటే. రికార్డు బుక్‌లో మాత్రం మూడూ పక్కపక్కనే, ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి.

ఈ వారం టాపిక్ ఇదే. కింది లెవెల్‌లో దంచికొడుతున్న కుర్రాడు పైలెవెల్‌లో ఏమవుతాడో ముందే చెప్పగలమా? చెప్పాలంటే ఏ నంబర్ చూడాలి, ఏది లైట్ తీసుకోవాలి?

ఇది ఆట గురించిన కబుర్లు మాత్రమే కాదు

మా ఏరియాలో మోటార్ వైండింగ్ షాపు నడిపే అంకుల్ ఒకాయన ఉన్నారు. వాళ్ళబ్బాయి ఇంటర్ సెకండియర్, లెఫ్ట్ హ్యాండ్ బ్యాట్స్‌మన్. లీగ్ మ్యాచుల్లో బాగా ఆడుతున్నాడు. బ్యాటు, ప్యాడ్లు, అకాడమీ ఫీజు, ఆటో చార్జీలు కలిపితే ఇంటి బడ్జెట్‌లో పెద్ద ముక్కే పోతోంది. మొన్న నన్ను పట్టుకుని సూటిగా అడిగారు: "బాబూ, నువ్వు కంప్యూటర్ల లెక్కలు చేస్తవ్ గదా. మావోడు పైకొస్తడా, రాడా? ఒక్క మాట చెప్పు. వస్తడంటే అప్పు జేసైనా ఆడిస్త. రాడంటే ఇంజినీరింగ్‌ల ఏస్త."

ఇలాంటి అంకుల్స్ ఓల్డ్ సిటీలో గల్లీకొకరు ఉంటారు. అందరి కళ్ళ ముందూ ఉన్నది తిలక్ కథే. ఎలక్ట్రీషియన్ నాగరాజు గారి అబ్బాయి. బార్కస్ గ్రౌండ్‌లో ఫ్రెండ్స్‌తో టెన్నిస్ బాల్ ఆడుతుంటే కోచ్ సలాం బయాష్ కంట్లో పడ్డాడు. అకాడమీ ఏమో లింగంపల్లిలో, ఊరికి ఇటు చివర నుంచి అటు చివర. ఇంట్లో స్తోమత లేకపోతే ఆ కోచే తన బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. 2022లో ముంబై ఇండియన్స్ 1.7 కోట్లకి కొనుక్కుంది.

బార్కస్ అనే పేరు బ్యారక్స్ నుంచి వచ్చింది. నిజాం కాలంలో యెమెన్ వైపు నుంచి వచ్చిన అరబ్ సైనికులు ఉన్న చోటు. ఆ గ్రౌండ్‌లో తరతరాలుగా పిల్లలు ఆడుతూనే ఉన్నారు. తిలక్ ఆడిన రోజుల్లో అతని పక్కన ఇంకెంతమంది ఆడి ఉంటారు? వాళ్ళ కథలు మన ఫీడ్‌లోకి రావు. గెలిచినవాళ్ళనే చూసి లెక్క వేస్తే, దారి ఉన్నదానికంటే వెడల్పుగా కనిపిస్తుంది.

అసలు వెడల్పు ఎంతో చూద్దాం. రంజీ ట్రోఫీలో 38 టీమ్‌లు. ఒక్కో రౌండ్‌లో మైదానంలోకి దిగేది 38 ఇంటూ 11, అంటే 418 మంది. ఐపీఎల్‌లో 10 టీమ్‌లు, టీమ్‌కి ఎక్కువలో ఎక్కువ 25 మంది. అందులో విదేశీయులు 8 మంది దాకా ఉండొచ్చు. టీమిండియాలో 11. మొత్తం దేశానికి ఇంతే. ఏ కుర్రాడి గురించి మాట్లాడినా ముందు ఈ నంబర్లు టేబుల్ మీద పెట్టుకోవాలి.

అమెరికావాళ్ళు ఈ లెక్క ఎలా వేస్తారంటే

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఫ్రెండ్స్ ఉన్నవాళ్ళకి తెలుసు, ఏప్రిల్ వచ్చిందంటే అక్కడ డ్రాఫ్ట్ గోల మొదలు. కాలేజీ ఫుట్‌బాల్ ఆడిన కుర్రాళ్ళని ఎన్ఎఫ్ఎల్ టీమ్‌లు వరసగా ఎంచుకుంటాయి. అందులో రన్నింగ్ బ్యాక్ అని ఒక పొజిషన్. బంతి చంకలో పెట్టుకుని, మీద పడేవాళ్ళని తప్పించుకుంటూ ముందుకి దూసుకెళ్ళేవాడు. మన కబడ్డీ రైడర్‌కి దూరపు చుట్టం అనుకోండి.

వీళ్ళని డ్రాఫ్ట్‌కి ముందే కొలుస్తారు. ఎత్తు, బరువు, ఎంత ఎగురుతాడు, 40 గజాలు ఎన్ని సెకన్లలో పరిగెత్తుతాడు, అన్నీ. 2008లో క్రిస్ జాన్సన్ 4.24 సెకన్లలో పరిగెత్తాడు. మరుసటి ఏడాది, 2009 సీజన్‌లో, 2,006 గజాలు లాగేశాడు. లెక్క కుదిరింది.

2012లో ట్రెంట్ రిచర్డ్‌సన్ వచ్చాడు. అలబామా యూనివర్సిటీ స్టార్. మొత్తం డ్రాఫ్ట్‌లో మూడో నంబర్‌గా వెళ్ళాడు. కెరీర్ మొత్తం మీద ఒక్కో పరుగుకి సగటున 3.3 గజాలే వచ్చాయి. 2014 తర్వాత ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఆరియన్ ఫోస్టర్‌ది రివర్స్ కథ. 2009 డ్రాఫ్ట్‌లో అతన్ని ఏ టీమూ తీసుకోలేదు. 2010లో లీగ్ మొత్తంలో ఎక్కువ గజాలు పరిగెత్తింది అతనే, 1,616.

ఇంత డేటా, ఇన్ని కొలతలు ఉన్నా ఎందుకు తప్పింది? ఒక కారణం సింపుల్. కాలేజీలో రన్నింగ్ బ్యాక్ ముందు అయిదుగురు పహిల్వాన్లు దారి క్లియర్ చేస్తారు. అలబామా లాంటి చోట వాళ్ళు ఎదుటి టీమ్ కంటే చాలా బలంగా ఉంటారు. అప్పుడు వచ్చిన గజాల్లో ఇతనివి ఎన్ని, ముందున్నవాళ్ళవి ఎన్ని? స్కోర్‌బోర్డు విడదీసి చెప్పదు. మన క్రికెట్‌లోనూ ఇదే తలనొప్పి, వేరే రూపంలో.

మొదటి చూపు: ఎవరి మీద కొట్టాడు?

2024 జనవరిలో మన హైదరాబాద్ ఓపెనర్ తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ ప్రదేశ్ మీద 181 బంతుల్లో 366 కొట్టాడు. 26 సిక్సర్లు. 300 చేరడానికి 147 బంతులే పట్టాయి, ఫస్ట్‌క్లాస్ క్రికెట్ చరిత్రలో అదే ఫాస్టెస్ట్. ఇదేదో గాలివాటం కాదు, తన్మయ్ ఏళ్ళ తరబడి రంజీలో నిలబడి ఆడిన మనిషి.

కానీ సెలెక్టర్ల ఫోన్ మోగలేదు. ఎందుకంటే ఆ సీజన్‌లో హైదరాబాద్ ప్లేట్ గ్రూప్‌లో ఉంది. రంజీలో 32 టీమ్‌లు ఎలైట్, 6 టీమ్‌లు ప్లేట్. పైన ముంబై, కర్ణాటక, తమిళనాడు కొట్టుకుంటుంటే కింద కొత్త టీమ్‌లు ఆడతాయి. 366 అనే నంబర్‌ని ఎవరూ కొట్టిపారేయలేదు, దానికి వెయిట్ తగ్గించారంతే. న్యాయమా అంటే, కొంత కఠినమే. టీమ్ ప్లేట్‌లో పడినందుకు ఒక్క ప్లేయర్ ఏం చేస్తాడు? అయినా అంచనా వేసేవాడు చూసేది ఆ పరుగులు ఎవరి మీద వచ్చాయనేదే.

పిల్లల క్రికెట్‌లో ఈ తేడా ఇంకా ఎక్కువ. 14, 15 ఏళ్ళ వయసులో ఒక అబ్బాయి ముందే ఎదిగిపోతాడు. మీసాలొచ్చిన ఫాస్ట్ బౌలర్ పక్కన, గొంతు కూడా మారని బ్యాట్స్‌మన్. ఇద్దరి సర్టిఫికెట్లలో ఒకే సంవత్సరం ఉంటుంది. వికెట్లన్నీ మొదటివాడివే. మూడేళ్ళ తర్వాత అందరూ ఒకే ఎత్తుకి వస్తారు, అప్పుడు తెలుస్తుంది అసలు స్కిల్ ఎవరిదో. అండర్-16లో బీసీసీఐ ఎముకల పరీక్ష పెట్టి మరీ వయసు చూసేది ఊరికే కాదు.

మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డినే చూడండి. 2017-18 అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1,237 పరుగులు, సగటు 176.41, నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లోనే 441. ఆ సగటు ఉన్నవాడు వెంటనే పెద్ద టీమ్‌లో ఉంటాడనుకుంటాం. టెస్ట్ టోపీ 2024 నవంబరులో వచ్చింది, దాదాపు ఏడేళ్ళకి. అది కూడా బ్యాటింగ్‌తో పాటు మీడియం పేస్ వేయగలడు కాబట్టి. మెల్‌బోర్న్‌లో 114 కొట్టి ఆ నమ్మకం నిలబెట్టాడు. 441 అతనిలో ఏదో ఉందని చెప్పింది, ఎప్పుడు వస్తాడో, ఏ పాత్రలో వస్తాడో చెప్పలేదు.

రెండో చూపు: ఎన్ని ఇన్నింగ్స్?

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి.

ఒక లీగ్‌లో మామూలు బ్యాట్స్‌మన్ సగటు 30 అనుకుందాం. మనోడు 10 ఇన్నింగ్స్‌లో 70 సగటుతో ఆడాడు. అతని అసలు లెవెల్ 70 అనొచ్చా? తొందరపడొద్దు. రెండు క్యాచ్‌లు జారిపోయి ఉండొచ్చు, పిచ్‌లు రోడ్డులా ఉండి ఉండొచ్చు. అందుకని అతని ఖాతాలో 20 మామూలు ఇన్నింగ్స్ కలపండి. 10 ఇంటూ 70 అంటే 700. 20 ఇంటూ 30 అంటే 600. మొత్తం 1,300ని 30తో భాగిస్తే 43 చిల్లర. ఇదీ జాగ్రత్తగా వేసిన అంచనా.

అదే కుర్రాడు 40 ఇన్నింగ్స్ ఆడి 70 సగటు నిలబెడితే? 2,800కి 600 కలిపి 60తో భాగించండి. దాదాపు 57. సగటు మారలేదు, మన నమ్మకం మారింది. ఆ 20 అనే నంబర్ నేను ఉదాహరణకి తీసుకున్నదే, ఆటని బట్టి మారుతుంది. పద్ధతి మాత్రం ఇదే. తక్కువ మ్యాచ్‌లుంటే మామూలు వైపు ఎక్కువ లాగాలి, ఎక్కువ మ్యాచ్‌లుంటే అతని సొంత రికార్డుని నమ్మాలి.

ఈ లెక్క చెడ్డ రోజులకి కూడా వర్తిస్తుంది. ఇది మనం ఎప్పుడూ మర్చిపోతాం.

మహమ్మద్ సిరాజ్‌ని తీసుకోండి. ఆటో నడిపిన గౌస్ గారి కొడుకు, ఫస్ట్ లాన్సర్ ఈద్గా గ్రౌండ్‌లో టెన్నిస్ బాల్ విసిరినవాడు. 2016-17 రంజీ సీజన్‌లో 41 వికెట్లు, సగటు 19 కంటే తక్కువ. సన్‌రైజర్స్ 2.6 కోట్లు పెట్టింది. 2017 నవంబరులో రాజ్‌కోట్‌లో మొదటి టీ20 ఇంటర్నేషనల్: 4 ఓవర్లలో 53 పరుగులు, ఒక్క వికెట్. 2019 ఐపీఎల్ ఇంకా దారుణం, ఓవర్‌కి 9 పైన పరుగులిచ్చాడు. పోయి మీ నాన్నతో పాటు ఆటో నడుపుకో అని జనం తిట్టారని తర్వాత అతనే చెప్పుకున్నాడు.

ఆ ట్రోల్స్ చేసినవాళ్ళు చూసింది పట్టుమని పదీ పదిహేను మ్యాచ్‌లు, అవీ 24 బంతుల మ్యాచ్‌లు. అదే టైమ్‌లో ఎర్రబంతితో అతనేం చేస్తున్నాడో చూడలేదు. 2018లో బెంగళూరులో ఆస్ట్రేలియా-ఎ మీద ఒకే ఇన్నింగ్స్‌లో 59కి 8 వికెట్లు. సిగ్నల్ అక్కడుంది. మనం టీవీలో వచ్చే మ్యాచ్‌ల్లో వెతికాం.

మూడో చూపు: ఏ నంబర్‌లో రాదు?

2025 ఆగస్టు 4, ఓవల్. ఇంగ్లండ్‌కి 35 పరుగులు కావాలి, చేతిలో 4 వికెట్లు. అయిదు టెస్టుల సిరీస్‌లో చివరి రోజు. సిరాజ్ అప్పటికే అయిదుకి అయిదు టెస్టులూ ఆడేశాడు. సిరీస్ మొత్తం కలిపితే 185 ఓవర్లు దాటి వేశాడు. ఆ పొద్దున వచ్చి టీమ్‌ని 6 పరుగుల తేడాతో గెలిపించాడు. ఆ ఇన్నింగ్స్‌లో 5, సిరీస్ మొత్తంలో 23 వికెట్లు.

వెయ్యి బంతులు వేసిన కాళ్ళతో ఇంకో యార్కర్ అదే స్పీడులో వేయగలడా అనే కాలమ్ 2016 రంజీ స్కోర్‌షీట్‌లో లేదు. 2020 నవంబరులో అతను ఆస్ట్రేలియాలో ఉండగా నాన్న చనిపోతే, తిరిగి రాకుండా అక్కడే ఉండి, డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో టెస్ట్ డెబ్యూ చేయగలడా అనే కాలమ్ కూడా లేదు.

ఇలాంటివి అస్సలు కొలవలేమని కాదు. మూడో స్పెల్‌లో స్పీడు ఎంత తగ్గుతోంది, సున్నాకి అవుటైన తర్వాత మ్యాచ్ ఎలా ఆడాడు, గాయం నుంచి వచ్చాక ఎన్ని ఓవర్లు వేశాడు, ఇవి రాసుకోవచ్చు. ఊళ్ళో లీగ్‌లో ఎవరూ రాయరు. రాసేది వికెట్లు, పరుగులు. అందుకే రోజూ నెట్స్‌లో చూసే కోచ్ మాటకి ఇంకా విలువుంది. బార్కస్‌లో టెన్నిస్ బాల్ ఆడే పదకొండేళ్ళ పిల్లాడికి సగటు ఉండదు, స్ట్రైక్ రేట్ ఉండదు. సలాం బయాష్ చూసింది బ్యాట్ ఎలా వస్తోందనేదే.

అసలు ముడి: అవకాశం ఎవరి చేతిలో ఉంది?

ఇప్పటిదాకా కుర్రాడి గురించి మాట్లాడాం. నా మటుకు నాకు సగం జవాబు కుర్రాడి బయట ఉంటుంది.

తిలక్ 2020 అండర్-19 వరల్డ్ కప్ ఆడాడు. బ్యాటింగ్ దొరికింది మూడు ఇన్నింగ్స్, చేసింది 86 పరుగులు. అదే టోర్నీలో యశస్వి జైస్వాల్ 400 కొట్టాడు. ఆ రోజు ఆ రెండు నంబర్లు చూసి ఎవరైనా తిలక్ మీద పందెం కాస్తారా? జైస్వాల్ ఓపెనర్, ప్రతి మ్యాచ్‌లోనూ కొత్త బంతి అతనిదే. తిలక్ మూడో నంబర్, పైవాళ్ళు ఆడేస్తే ప్యాడ్లు కట్టుకుని కూర్చోవడమే. 86 అతని స్కిల్ కంటే అతని సీటు గురించే ఎక్కువ చెప్పింది.

సెంచూరియన్ రోజుకి మళ్ళీ రండి. ఆ మ్యాచ్‌లో తిలక్ మూడో నంబర్‌లో దిగాడు. అది కెప్టెన్ సూర్యకుమార్ యాదవ్ సీటు. తిలక్ అడిగాడు, సూర్య ఇచ్చాడు. ఆ తర్వాత జరిగింది మనం పైన చూసిందే. అయిదు నెలలు తిరక్కుండా, 2025 ఏప్రిల్‌లో లక్నో మీద ఛేజింగ్‌లో, 23 బంతుల్లో 25 దగ్గర ఉన్న అదే తిలక్‌ని ముంబై టీమ్ రిటైర్డ్ అవుట్ చేసి వెనక్కి పిలిచింది. ఇంకో ఆరు నెలల్లోపే, సెప్టెంబరు 28న దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్. పాకిస్తాన్ మీద 20కి 3 వికెట్లు పడిపోయిన చోట నిలబడి 69 నాటౌట్‌తో కప్పు తెచ్చాడు. ఈ పది నెలల్లో మనిషి మారిపోయాడా? అతని మీద ఉన్న నమ్మకం, ఇచ్చిన చోటు, ఇచ్చిన టైమ్ పైకీ కిందికీ అయ్యాయి.

ఇది హైదరాబాద్‌కి కొత్త కథ కాదు. వీవీఎస్ లక్ష్మణ్ 1996లో టెస్టుల్లోకి వచ్చాడు. ఖాళీ ఉంది కదా అని ఓపెనర్‌గా దింపారు, కుదర్లేదు, తీశారు, మళ్ళీ పెట్టారు. 1999-2000 రంజీ సీజన్‌లో 1,415 పరుగులు కొట్టి తలుపు బద్దలుకొట్టినంత పని చేశాడు. 2001 మార్చిలో కోల్‌కతాలో, ఫాలోఆన్ ఆడుతూ, ఆరో నంబర్ నుంచి మూడో నంబర్‌కి పంపారు. 281. తర్వాత ఇంకో పదేళ్ళు టెస్టులు ఆడాడు. 2000 సంవత్సరం దగ్గరే కథ ఆపేసి ఉంటే, దేశవాళీలో పులి, బయట పిల్లి అని రాసి ఫైల్ మూసేసేవాళ్ళం.

మరి అవకాశం రాకపోతే? అంబటి రాయుడు. 2002లో, 17 ఏళ్ళకి, ఆంధ్ర మీద ఒకే రంజీ మ్యాచ్‌లో 210, 159 నాటౌట్. 2004 అండర్-19 వరల్డ్ కప్‌లో ఇండియా కెప్టెన్. ధావన్, రైనా, దినేశ్ కార్తీక్ అతని టీమ్‌లో ప్లేయర్లు. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ఎవరినడిగినా ఇండియాకి పదేళ్ళు ఆడతాడనేవారు. మధ్యలో గొడవలు, టీమ్ మార్పులు, 2007లో ఐసీఎల్, దానివల్ల నిషేధం. ఇండియా టోపీ 2013 జులైలో హరారేలో వచ్చింది, 27 ఏళ్ళకి. 55 వన్డేలు ఆడి 47 సగటు పెట్టాడు. ఒక్క టెస్ట్ కూడా ఆడలేదు.

రాయుడు విషయంలో టాలెంట్ అంచనా తప్పలేదు. 47 సగటే సాక్ష్యం. తప్పింది దారి గురించిన అంచనా. సిరాజ్ దగ్గర అదే దారి ఇంకోలా తిరిగింది. అతను అదరగొట్టిన రంజీ సీజన్‌లో హైదరాబాద్ కోచ్ భరత్ అరుణ్, ఆయనే తర్వాత టీమిండియా బౌలింగ్ కోచ్ అయ్యారు. ఆస్ట్రేలియాలో షమీ చెయ్యి విరిగితే సిరాజ్‌కి టెస్ట్ టోపీ వచ్చింది. బ్రిస్బేన్ వచ్చేసరికి ఉమేశ్, బుమ్రా కూడా లేరు. మూడో టెస్ట్ ఆడుతున్న కుర్రాడు ఇండియా బౌలింగ్‌కి పెద్దన్న అయ్యాడు, 73కి 5 వికెట్లు తీశాడు. తలుపు తెరిచింది అదృష్టం, లోపలికి వెళ్ళి కూర్చుంది అతను. రెండూ నిజమే.

మరి అంకుల్‌కి ఏం చెప్పాలి?

"వస్తాడు", "రాడు" అనే రెండు మాటల్లో ఏదీ నిజాయితీ గల జవాబు కాదు. నేను చెప్పింది ఇది.

ఒకటి, గమ్యాన్ని ముక్కలు చేయండి. టీమిండియా గురించి ఇప్పుడు ఆలోచించొద్దు. వచ్చే ఏడాదిన్నరలో హైదరాబాద్ ఏజ్ గ్రూప్ ప్రాబబుల్స్‌లో పేరు వస్తుందా? లీగ్‌లో పై డివిజన్ టీమ్ ఏదైనా పిలుస్తుందా? ఇవి రెండూ బయటివాళ్ళు ఇచ్చే మార్కులు. సొంత కోచ్, సొంత నాన్న వేసే మార్కులు కాదు.

రెండు, ఒక నోట్‌బుక్ పెట్టండి. ఎంత కొట్టాడని కాదు, ఎవరి మీద కొట్టాడో రాయండి. అవతల స్టేట్ ఆడిన బౌలర్ ఉన్నాడా? ఎన్నో నంబర్‌లో దిగాడు? ఎలా అవుటయ్యాడు? ఆరు మ్యాచ్‌ల్లో నాలుగుసార్లు ఒకేలా అవుటైతే, అది సగటు కంటే ముఖ్యమైన సమాచారం.

మూడు, అప్పు చేయొద్దు. చదువు ఆపొద్దు. ఇది పెద్దమనిషి తరహాలో ఇచ్చే నీతి కాదు, లెక్కే. సగం జవాబు వాడి చేతిలో లేనప్పుడు మొత్తం డబ్బు ఒకే టికెట్ మీద పెట్టకూడదు. స్పోర్ట్స్ కోటా ఉన్న డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. రైల్వేస్‌కి సొంత రంజీ టీమే ఉంది. ఆట వదలకుండా బతికే దారులు ఇండియా క్యాప్ కంటే చాలా ఎక్కువ.

ఆయన అంతా విని, "మరి నంబర్ ఏదైనా చెప్పు బాబూ, నూటికి ఎంత?" అన్నారు. నేను నంబర్ చెప్పలేదు. పది ఇన్నింగ్స్ స్కోర్లతో చెప్పే పర్సంటేజీని ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి పట్టుకుని కూర్చుంటారు. ఏడాదిన్నర నోట్‌బుక్ నిండాక అడగమన్నాను. అబ్బాయి మాత్రం అప్పుడే ఇంకో ప్రశ్న వేశాడు: "అన్నా, ఎవరి మీద కొట్టానో రాయమన్నావ్ కదా. మరి మంచి బౌలర్లున్న మ్యాచ్‌లో నన్ను ఏడో నంబర్‌లో దింపితే ఏం రాయాలి?"

దిగిన నంబర్, మిగిలిన బంతులు, ఎదురొచ్చిన బౌలర్ పేరు రాయమన్నాను. మూడో నంబర్ ఇవ్వమని కెప్టెన్‌ని అడగమని కూడా చెప్పాను. తిలక్ కూడా అడిగాడు కదా.

మీ గల్లీలోనో, మీ కాలేజీ టీమ్‌లోనో ఇలాంటి ప్లేయర్ ఉంటే ఈ ఆదివారం మ్యాచ్‌కి వెళ్ళండి. స్కోరర్ పక్కన కూర్చుని, అతను రాయనివి మీరు రాయండి. పై లెవెల్ సెలెక్టర్ బస్తీ గ్రౌండ్‌కి రాడు. కానీ రేపు ఎవరైనా "ఈ కుర్రాడి సంగతేంటి?" అని అడిగితే, చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. ఓల్డ్ సిటీ పిల్లల్లో చాలామందికి ఆ ఒక్క కాగితమే ఉండదు.